నలభై ఏడో తావు

నాలుగు కావడానికి ఐదు నిముషాలుంది. తాడేపల్లిగూడెంలో మా ఆఫీసుకి ట్రంక్ కాల్ బుక్ చేసి పది నిముషాలైంది. లైను ఎప్పుడు దొరుకుతుందో ఎక్స్ఛేంజిలో ఉన్న అమ్మాయికే తెలియదట. ఐదు కొట్టగానే ఓటర్ల జాబితాలన్నీ సంచిలో వేసి, లక్క సీలు కొట్టి, అచ్చుకు పంపేస్తారట. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా సంచి విప్పరట. ఇవన్నీ సూపర్నెంటు సూర్యప్రకాశరావుగారు ఎంతో మెత్తగా చెప్పారు, "కూర్చోండమ్మా, మంచినీళ్ళు తాగండి" అని కూడా అన్నారు. కూర్చున్నాను. ఏలూరు ఎన్నికల ఆఫీసు వరండాలో పొడుగు బల్ల మీద, ఒళ్ళో ఒక కాగితం పెట్టుకుని. నలభై ఏడో తావు. దాని మీద తొమ్మిది పేర్లు. అక్షరాలు వంకర పోయాయి, రైలు కుదుపుల్లో రాసినవి మరి. మిగతా నలభై ఆరు తావులూ లోపల ఆయన బల్ల మీద ఉన్నాయి, మా రాతగుమాస్తా బాపిరాజు ముత్యాల దస్తూరీతో, ఎర్రదారంతో కుట్టి, పైన మా ఆఫీసరుగారు సంతకం చేసిన సర్టిఫికెట్టుతో. అందులో 'తావులు నలభై ఆరు, పేర్లు వెయ్యిన్నూట యాభై మాత్రమే' అని ఉంది. ఆ 'మాత్రమే' దగ్గరే వచ్చింది చిక్కంతా. నాకు భయం వెయ్యాలి కదా, వెయ్యడం లేదు. మంచినీళ్ళు చల్లగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాలో ఎక్కడో పండగలా ఉంది, పన్నెండు రోజులుగా ఉన్నట్టే ఉంది, ఈ తొమ్మిది పేర్లూ ఎక్కితే తప్ప దాన్ని పండగ అని పైకి అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను, అంతే.

పన్నెండు రోజులు, అదే మాకిచ్చిన గడువు. మొదటి రెండు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ మెడ లాగుతుంది. గూడెంలో ఎన్నికల పనికని అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు, అదే మా ఆఫీసు, ముందుగదిలో నేనూ బాపిరాజూ, వెనకగదిలో హెడ్డు గుమాస్తా కోదండరామయ్యగారు, గుమ్మంలో బంట్రోతు యోబు. ఎదురుగా పాత జాబితా, మూడువందల పేజీల పుస్తకం. పక్కన గోనెసంచిలో పన్నెండువందల పన్నెండు చీటీలు, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళూ లంకలవాళ్ళూ మా పేర్లు జాబితాలో లేవు, చేర్చండి అని పెట్టుకున్నవి, ఒక్కోదాని మీద 'చేర్చవచ్చు' అని ఆఫీసరుగారి సంతకం. నేను సంచిలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీస్తాను, నిడమర్రు. పుస్తకంలో నిడమర్రు వెతుకుతాను, ఆ ఇంటి నంబరు వెతుకుతాను, ఆ పేరు ముందే ఉందేమో చూస్తాను, లేదు, చదువుతాను, బాపిరాజు రాస్తాడు. అతను రాసేదాకా నేను ఊరికే కూర్చుంటాను. తర్వాత చీటీ మరెక్కడిదో, మళ్ళీ పుస్తకం మొదటినుంచీ, నేను వెతికేదాకా కలం పట్టుకుని బాపిరాజు ఊరికే కూర్చుంటాడు. తర్వాతది మళ్ళీ నిడమర్రే, ఇందాకటి ఇంటి పక్కిల్లే, మళ్ళీ తిరగెయ్యడం. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చేస్తే యాభై రెండు. రెండోరోజూ యాభై రెండే. కోదండరామయ్యగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసువారు, "ఆఫీసు పనంటే ఇంతేనమ్మా, ఒక చీటీ, ఒక వెతుకులాట, తొందరపడితే తప్పులొస్తాయి" అన్నారు. రోజుకి యాభై రెండు చొప్పున పన్నెండు రోజులకి ఎంతవుతుందో ఆయనకీ తెలుసు. సగమే. మిగతా సగం మంది ఎవరవుతారు? సంచిలో అడుగున పడ్డవాళ్ళు. ఇదేం న్యాయం వాళ్ళకి?

మూడోరోజు పొద్దున నేను ఆ రెండు రోజుల తావులూ చింపేశాను. అవును, చింపేశాను. నూట నాలుగు పేర్లు! బాపిరాజు నోరు తెరుచుకుని చూశాడు, రాసిన చెయ్యి అతనిది కదా. కోదండరామయ్యగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "కామేశ్వరీ, నీకు మతి గాని పోయిందా?" అన్నారు. ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు. నేను గోనెసంచి నేలమీద గుమ్మరించాను. పుస్తకం ఏ వరసలో ఉందో చీటీలూ ఆ వరసలోకి రావాలి, ఊరు తర్వాత ఊరు, ఊళ్ళో ఇల్లు తర్వాత ఇల్లు. నేలంతా చీటీలు, గాలికి ఎగరకుండా వాటి మీద గుండ్రాళ్ళు, మధ్యలో నేను చీరకుచ్చిళ్ళు పైకి దోపుకుని ముంగాళ్ళ మీద. చిన్నప్పుడు తంగెళ్ళమూడి పక్కన అమ్మమ్మగారింటికి వెళితే తివాచీలు నేసేచోట కిటికీ దగ్గర నిలబడేదాన్ని. మగ్గం ముందు నేసేవాళ్ళు వరసగా కూర్చుని ముడులు వేసేవాళ్ళు, కిందినుంచి పైకి, ఒక వరస పూర్తయితే గాని పై వరస లేదు. పువ్వు ఇష్టమని ఎవరూ ముందు పువ్వు నెయ్యరు. పువ్వు దాని వరసలో అదే వస్తుంది. రోజంతా పట్టింది సర్దడానికి. ఆ రోజు ఒక్క పేరు కూడా రాయలేదు. సాయంత్రం కోదండరామయ్యగారు గొడుగు తీసుకుంటూ, "మూడు రోజులు, సున్నా పేర్లు" అని గోడతో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయారు.

నాలుగోరోజు నుంచి పుస్తకం ఒక్కసారే తెరిచాం. ఎడమచేతి కింద పుస్తకం, కుడిచేతి కింద చీటీలు, రెండూ ఒకే దారిన ముందుకు నడుస్తాయి, వెనక్కి తిరగడమన్నది లేదు, కాలవలో రెండు పడవలు పక్కపక్కన పోయినట్టు. పుస్తకంలో పేరు ముందే ఉంటే చీటీ పక్కన పడేస్తాను, లేకపోతే రాతకి. మధ్యాహ్నానికే యాభై దాటింది. అయినా ఏదో అడ్డు. నేను చదివితే అతను రాయడం, అతను రాస్తే నేను ఆగడం. ఒకరి చెయ్యి ఎప్పుడూ ఖాళీ. ఆ రాత్రి పిల్లాడికి అన్నం కలుపుతుంటే తట్టింది, అమ్మా అత్తయ్యా అప్పడాలు వత్తేటప్పుడు ఏం చేసేవాళ్ళు? అమ్మ పీట దగ్గర, అత్తయ్య ఎండలో. మధ్యలో రెండు ఇత్తడి పళ్ళేలు. అమ్మ ఒక పళ్ళెం నింపుతుంటే అత్తయ్య రెండో పళ్ళెంలోవి చాప మీద పరిచేది. నిండిన పళ్ళెం ఇవతలికి, ఖాళీ పళ్ళెం అవతలికి. అమ్మ అత్తయ్య కోసం ఆగేది కాదు, అత్తయ్య అమ్మ కోసం ఆగేది కాదు, ఇద్దరికీ ఆట్టే పడకపోయినా మూడు వీశెల పిండి మధ్యాహ్నానికి అయిపోయేది! ఆ పళ్ళేలు పెళ్ళైనప్పుడు అమ్మ దగ్గర అరువు తెచ్చుకుని ఇవ్వనే లేదు నేను. మర్నాడు సంచిలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. తావుకి పాతిక గళ్ళు, పళ్ళేనికి పాతిక చీటీలు. నేను సరిచూసి ఒక పళ్ళెంలో వేస్తుంటాను, ఈలోగా బాపిరాజు రెండోదాంట్లోవి తావుకి ఎక్కిస్తుంటాడు. పాతిక నిండగానే యోబు పళ్ళేలు మారుస్తాడు, రాసిన పాతికా దారంతో కట్టేస్తాడు. ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. ఇత్తడి బల్లకి తగిలి ఖంగుమనేది, అదే మాకు గంట.

ఆ ఖంగుమనే చప్పుడు! పళ్ళేలు తెచ్చిన మొదటిరోజు ఐదుసార్లు మోగింది. మూడోరోజుకి కోదండరామయ్యగారు వెనకగదిలోంచి లెక్కపెడుతున్నారని నాకు తెలిసిపోయింది, ఆరోసారి మోగగానే దగ్గేవారు. నాన్నగారు వేదం సంత చెప్పేటప్పుడు అరుగు మీద ఇలాగే ఉండేది, ఆయన ఒకసారి, శిష్యులు రెండుసార్లు, ఊపిరి తీసుకునే చోటు కూడా ముందే నిర్ణయమైపోయినట్టు. నన్ను కూర్చోనిచ్చేవారు కాదు, గుమ్మం లోపలినుంచి వినేదాన్ని, అక్కడినుంచి విన్నా పాఠం వచ్చేసింది. మా ఆయన అత్తిలి బడిలో మేష్టారు, ఆదివారం వచ్చి, "ఏవిటోయ్, నిద్రలో కూడా ఇళ్ళ నంబర్లు చెబుతున్నావు" అని నవ్వారు. చెప్పనా మరి. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంత వయసులో నా పద్ధతి ప్రకారం నలుగురు మనుషులు కదలడం అదే మొదటిసారి.

వరండా అవతల యోబు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, నాకేసి చూడడం లేదు, చూస్తే నేను కంగారు పడతానని. నాలుగు పది. లోపల ఫోను మోగింది. లేచి నిలబడ్డాను. సూర్యప్రకాశరావుగారు తల అడ్డంగా ఊపారు, మరెవరో. మళ్ళీ కూర్చున్నాను.

ఈ తొమ్మిది మందీ ఎవరో నాకు తెలుసు. చీటీలు చూడకముందే తెలుసు, వరసలో ఆఖరి ఊరు కొంగలలంక, ఆ ఊళ్ళో ఆఖరి ఇళ్ళు పడమటి కొసన ఉన్నవి, అంటే వాళ్ళే అయి ఉండాలి. ఈ పన్నెండు రోజులకి ముందు వాళ్ళ చీటీలు రాసింది నేనే. వాళ్ళు గూడెం దాకా రాలేరని యోబునీ నన్నూ ఆఫీసరుగారు గణపవరం మీదుగా పంపించారు, అక్కడినుంచి దోనెలో. కొల్లేరంటే చెరువులాగా ఉంటుందనుకున్నాను. కాదు, అదొక ఆకాశం, కింద పరిచింది. దోనె కిక్కిస గడ్డి మధ్యనుంచి పోతుంటే రెండు పక్కలా సరసరమని చప్పుడు, ఉన్నట్టుండి గడ్డి అయిపోయి నీళ్ళు, ఎక్కడో గూడబాతులు తెల్లగా, లేచేదాకా అవి పక్షులని తెలియలేదు నాకు. దోనె తోసే బంగారురాజు వెనక్కి తిరక్కుండానే, "పోయినేడు వరదకి మా ఊరు మొత్తం గట్టెక్కేసిందండీ, నెల్లాళ్ళు రోడ్డుమీదే ఉన్నామండి. అప్పుడే ఎవరో పేర్లు రాసుకోడానికొచ్చి, ఊళ్ళో ఎవరూ లేరని రాసుకుని ఎల్లిపోయారంటండి" అన్నాడు. అదీ సంగతి. జాబితాలో కొంగలలంక దగ్గర ఒకే ఒక్క మాట ఉంది, 'ఖాళీ'.

లంకలో ఆడవాళ్ళు పేర్లు చెప్పారు గాని భర్త పేరు అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మొగుడి పేరు ఎలా చెబుతారు? గడిలో రాయకపోతే ఎలా ఒప్పుకుంటారు? పడమటి కొసన ఆఖరి పాకలో అచ్చమ్మ, అరవై దాటి ఉంటాయి, వల బాగుచేస్తూ కూర్చుంది. వేళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఆగలేదు. "ఆయన పేరా? పోయి పదేళ్ళయినా నా నోటెంట రాదమ్మా. ఆదోరం తెల్లారితే ఏ వారం వత్తాది? అందులో సగం. ఊళ్ళేలేవోణ్ణి ఏవంటారు? అది మిగతాది." నేను వేళ్ళమీద లెక్కపెట్టుకుని, "సోమరాజు!" అన్నాను. పాకలో ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు, అచ్చమ్మ కూడా సిగ్గుపడింది, ఆ వయసులో, ఆ పేరు పరాయి మనిషి నోట విని. అక్కణ్ణించి పొడుపుకథలే, ఒకాయన తిరపతి కొండమీద ఉంటాడు, ఒకాయన పెళ్ళికి ముందు విల్లు విరిచాడు. ఎండ తిరిగేదాకా విప్పుతూ రాశాను. వెళ్ళబోతుంటే అచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆ చేతి వాసన ఇప్పటికీ ఉంది, నీటి వాసన, నాచు వాసన. "వరదప్పుడు బియ్యం పడవ వచ్చిందమ్మా. తూరుపునించి పంచుకుంటా వచ్చారు. మా కొసకొచ్చేసరికి అయిపోయిందన్నారు. గుడ్డలూ అంతే. మందులూ అంతే. ఎప్పుడూ మా కాడికొచ్చేసరికి అయిపోద్ది. ఇదన్నా మా దాకా రానియ్యమ్మా." నేను రానిస్తానన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

అన్నానా, ఇవాళ మధ్యాహ్నం రైల్లో కూర్చున్నప్పుడు నా అంత గొప్పది లేదనుకుంటున్నాను. గెలిచాం. పన్నెండోరోజు పొద్దున పన్నెండు కాకముందే ఆఖరి తావు కుట్టాం. నలభై ఆరు తావులు, ప్రతి తావూ నిండుగా, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా. కోదండరామయ్యగారు కళ్ళజోడు సర్దుకుని తావులు లెక్కపెట్టారు. నలభై ఆరిని పాతికతో హెచ్చవేసి సర్టిఫికెట్టు తన చేత్తోనే రాసి సంతకం పెట్టించుకొచ్చారు. రైలెక్కే ముందు నా చేతికిస్తూ, "జాగ్రత్తమ్మా" అన్నారు, అంతే, కాని ఆ అమ్మా వేరే. ఆఫీసరుగారు గణపవరం క్యాంపుకి వెళ్ళిపోయారు. చీటీల కట్టలతో యోబూ నేనూ రైలెక్కాం. కిటికీలోంచి చేలు, ఉంగుటూరు పోయింది, చేబ్రోలు పోయింది, కైకరం. నేను జాబితా ఒళ్ళో పెట్టుకుని ముద్దుగా చూసుకుంటున్నాను, ఆఖరి పేజీ, పాతికో గడి, ఎంత చక్కగా గీత దగ్గర ముగిసింది, కొలిచి కుట్టిన రవికలాగా. పూళ్ళ దాటుతుంటే నా వేలు ఆ పాతికో గడి మీదే ఆగిపోయింది. మనుషులు ఎక్కడైనా పాతికల లెక్కన ఉంటారా? పన్నెండువందల పన్నెండు చీటీల్లో పక్కన పడేసినవి యాభై మూడు. అంటే మిగలాల్సింది వెయ్యిన్నూట యాభై తొమ్మిది. జాబితాలో ఉన్నది వెయ్యిన్నూట యాభై. మళ్ళీ లెక్క వేశాను. మళ్ళీ వేశాను. తొమ్మిది. పళ్ళెం నిండితేనే యోబు మారుస్తాడు. ఆఖరి పళ్ళెం నిండలేదు. తొమ్మిదో చీటీతో నా చేతి కింద వరస అయిపోయింది, నేను అమ్మయ్య అని లేచి నడుం విరుచుకున్నాను, బాపిరాజు తన దగ్గరున్న పాతికా రాసి కలం కడుక్కున్నాడు. నిండని పళ్ళెం నా పక్కనే ఉండిపోయింది, ఖంగుమనకుండా. కొసకొచ్చేసరికి అయిపోయింది! నేనే చేశాను, ఎవరో కాదు, నేనే, నా పద్ధతే.

"యోబూ, పళ్ళేలేవీ?" అన్నాను. "ఇక్కడే ఉన్నాయండి అమ్మగారూ. మీ అమ్మగారికి ఇచ్చేస్తానన్నారు కదండీ, రైల్లో చప్పుడవుతాయని ఒకదాని మీద ఒకటి బోర్లించి గుడ్డ కట్టానండి" అన్నాడు. "లోపల ఏమైనా ఉన్నాయా?" "ఏవో చీటీలున్నాయండి. గవర్నమెంటు కాగితం కదా, పారెయ్యకూడదని అలాగే ఉంచేశానండి." రైలు భీమడోలులో ఆగింది. యోబు ముడి విప్పుతున్నాడు, విప్పుతున్నాడు, ఎంత గట్టి ముడి వేశాడో, పైపళ్ళెం తీశాడు. తొమ్మిది. ఒకటి, రెండు, మూడు, తొమ్మిది! అన్నిటిమీదా ఆఫీసరుగారి సంతకం. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఎదుటి బెంచీలో అరటిగెల పెట్టుకున్న ముసలాయన, "ఏవైందమ్మా, పోయిన నగేదైనా దొరికిందా?" అని అడిగారు. "అంతకన్నా ఎక్కువేనండీ" అన్నాను. పళ్ళెం బోర్లించి బల్ల చేసుకున్నాను, తెల్లతావు పరిచాను, గళ్ళు గీశాను, గీతలు పాములయ్యాయి. రాశాను. దెందులూరు వచ్చేసరికి ఎనిమిది. పవర్‌పేటలో రైలు ఆగినప్పుడు తొమ్మిదో పేరు రాశాను, అది మాత్రం కుదురుగా వచ్చింది. అచ్చమ్మ, భర్త సోమరాజు, వయస్సు అరవై రెండు.

నాలుగున్నర. "ఏవండీ, మీ బాధ నాకు తెలుసండి" అన్నారు ఇందాక సూర్యప్రకాశరావుగారు, "కాని సర్టిఫికెట్టులో నలభై ఆరని ఉంది. దారిలో ఒక తావు కలిసిందంటే రేపు ఎవరైనా ఏమంటారు? మీ ఆఫీసులో బాధ్యత గలవారు ఎవరైనా చెప్పాలి కదండీ." ఆయన తప్పు లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అంటాను. బాధ్యత గలవారు, అంటే ఆఫీసరుగారు క్యాంపులో, మిగిలింది కోదండరామయ్యగారు. ఆయన ఏమంటారు? హెచ్చవేసింది ఆయన. పొరపాటు ఒప్పుకుంటే ఆయన సర్వీసు పుస్తకంలో ఎక్కచ్చు. ఆరునెలల్లో రిటైరవుతారు. తొందరపడితే తప్పులొస్తాయమ్మా అని మొదటే అన్న మనిషి. చూశావా అంటారా? అననీ. వందసార్లు అననీ, ముందు ఫోను ఎత్తితే చాలు. సంచి తెచ్చి బల్ల పక్కన పెట్టారు. లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించారు. ఏవేవో ఊళ్ళ జాబితాలు ఒక్కొక్కటే సంచిలోకి పోతున్నాయి. గుండె కొట్టుకుంటోంది, అయినా భయం కాదు ఇది, పరుగెత్తి పరుగెత్తి గమ్యం కనిపించినప్పుడు కొట్టుకుంటుందే, అది. తొమ్మిది మంది ఉన్నారు. నా ఒళ్ళో ఉన్నారు. లేరని ఇంకెవరూ అనలేరు, వినేది ఒక్కరైనా చాలు.

నాలుగూ నలభై ఒకటికి ఫోను మోగింది. "తాడేపల్లిగూడెమండీ!" అని లోపలినుంచి గుమాస్తా కేక. నేను ఎప్పుడు లేచానో తెలియదు, బల్ల దగ్గరున్నాను. సూర్యప్రకాశరావుగారు సంగతంతా చెప్పి రిసీవరు నా చేతికిచ్చారు. లైన్లో హోరు, ఆ హోరులో కోదండరామయ్యగారు, "ఏమ్మా?" నేను ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "తప్పు నాదేనండి. ఆఖరి పళ్ళెం నిండలేదు, బాపిరాజుకి అందించలేదు. తొమ్మిది చీటీలు, సంతకాలున్నాయి, కొంగలలంక పడమటి కొస." హోరులోంచి మళ్ళీ ఆయన గొంతు, "పన్నెండువందల పన్నెండులో యాభై మూడు పోతే ఎంత?" "వెయ్యిన్నూట యాభై తొమ్మిదండి." "నేను ఆ తీసివేత వెయ్యలేదమ్మా. తావులు చూసి హెచ్చవేశాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఫోను ఆయనకివ్వు." ఇచ్చాను. పక్కన నిలబడ్డ నాకు కూడా వినిపించేంత గట్టిగా అరుస్తున్నారాయన, "ఏవండీ, నేను హెడ్డు గుమాస్తా కోదండరామయ్యని. సర్టిఫికెట్టులో లెక్క నేను రాసింది, తప్పు రాశాను. రాసుకోండి, నా పేరుతోనే రాసుకోండి. వెంటనే తంతి కూడా ఇస్తాను. ఆ అమ్మాయి తొమ్మిదందంటే తొమ్మిదేనండీ, ఎనిమిదీ కాదు, పదీ కాదు!"

సూర్యప్రకాశరావుగారు రిసీవరు పెట్టి తొమ్మిది చీటీలూ ఒక్కొక్కటే వెలుతురులో పట్టుకుని సంతకాలు చూశారు. నేను గడియారం కేసి చూడలేదు, చూడనని పట్టుపట్టాను. "ఆర్డరు చీటీ మీద ఉంది కదండీ" అన్నారాయన, నాకు చెబుతున్నట్టూ, తనకు తనే చెప్పుకుంటున్నట్టూ. "సర్టిఫికెట్టు ఉత్త లెక్క. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు." ఎర్రసిరాలో నలభై ఆరు కొట్టేసి నలభై ఏడు, వెయ్యిన్నూట యాభై కొట్టేసి వెయ్యిన్నూట యాభై తొమ్మిది చేశారు, పక్కన ఫోనులో చెప్పినవారి పేరూ వేళా రాసి పొడి అక్షరాలు వేశారు. పేర్లు చదవమన్నారు. చదివాను. ఒక్కో పేరుకీ ఆయన గడిలో చిన్న టిక్కు పెట్టారు. మెట్ల మీదినుంచి యోబు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తొమ్మిదోది చదివేటప్పుడు నా గొంతు పెద్దదైపోయింది, ఆఫీసులో అందరూ తలెత్తి చూశారు, చూడనీ. అచ్చమ్మ! భర్త సోమరాజు! దారం విప్పి, నలభై ఏడో తావు కలిపి, మళ్ళీ కుట్టారు. సంచిలో అన్నిటికన్నా పైన పెట్టారు. లక్క బొట్లుబొట్లుగా పడింది, సీలు పడింది, గడియారం ఐదు కొట్టింది. గంటలు ఐదూ పూర్తిగా విన్నాను.

సంచి జీపులో వెళ్ళిపోయింది. ఇక వెళ్ళొస్తానండీ అని నమస్కారం పెడుతుంటే సూర్యప్రకాశరావుగారు, "ఉండండి, ఒక్క మాట. పన్నెండువందల చీటీలు ముగ్గురు మనుషులు తొమ్మిది రోజుల్లో తేల్చారని ఫోనులో అన్నారు మీ హెడ్డుగారు. నిజమేనాండీ?" అన్నారు. బీరువా పక్కకి చూపించారు. నాలుగు గోనెసంచులు, ఏవో వేరే ఊళ్ళవి, గోడకి ఆనించి మూతులు కట్టి. "ఇవి రెండో విడత. పదిహేను రోజుల గడువు. మావాళ్ళు ఏడుగురు ఒక్కో చీటీ తీసి వెతుకుతున్నారు పాపం. సోమవారం వచ్చి మీ పద్ధతి చూపిస్తారా? నేను మీ ఆఫీసుకి రాస్తాను." ఏడుగురు మగవాళ్ళు కలాలు ఆపి నాకేసి చూస్తున్నారు. ఒకాయనకి నాన్నగారి వయసుంటుంది, కుర్చీ లాగి, "కూర్చోండమ్మా, ఇప్పుడే కొంచెం చెప్పండి, ఆదివారం ఆలోచించుకుంటాం" అన్నారు. కూర్చున్నాను. కాగితం తీసుకున్నారు, కలం సిరాలో ముంచారు, ఎదురుచూస్తున్నారు, నా నోటినుంచి వచ్చేదానికోసం! ముందు సంచులన్నీ గుమ్మరించి వరసలోకి సర్దమన్నాను, ఆ రోజు ఒక్క పేరూ రాయొద్దన్నాను. పుస్తకం ఒక్కసారే తెరవమన్నాను, వెనక్కి తిప్పొద్దన్నాను. ప్రతి జతకీ రెండు పళ్ళేలు కావాలన్నాను. కుర్చీ లాగిన పెద్దాయన అన్నీ రాసుకుని, "ఇంతేనాండీ?" అన్నారు.

"ఇంకొకటుందండీ, ఇది పైన రాయండి" అన్నాను. "ఆఖరి పళ్ళెం నిండదు. ఎప్పుడూ నిండదు. నిండకపోయినా అందించాలి, ఒక్క చీటీ ఉన్నా సరే."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని, అన్నిటికన్నా పైన చోటు చేసుకుని, పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశారు.